బస్సును ఆపిన వీరుడి పాదాల కింద: ఒక శాస్త్ర సలహాదారు కేస్ స్టడీ

నేపథ్యం

అతిమానవ శక్తులున్న కథానాయకుడి చుట్టూ అల్లిన ఒక చిత్రానికి నేను శాస్త్ర సలహాదారుగా పనిచేశాను. ఆ పనిలో మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టిన ఒక్క సన్నివేశాన్ని తీసుకుని ఈ కేస్ స్టడీ రాస్తున్నాను. చిత్రం పేరు, బృందం వివరాలు, విడుదల సంగతులు ఇక్కడ ఉండవు. సన్నివేశంలోని వాహనాన్నీ పరిస్థితినీ కొంత మార్చి, మార్చినదానికి సరిపడేలా లెక్కలన్నీ మళ్లీ వేశాను. వాదన మాత్రం అప్పుడు ఏ వరుసలో నడిచిందో ఆ వరుసలోనే ఉంది.

ఈ తరహా సలహా ఇప్పుడు కొత్తేమీ కాదు. శాస్త్రజ్ఞులనూ వినోదరంగం వారినీ ఒకచోట కలపడానికి అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీ 2008లోనే ప్రత్యేకంగా ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. అయినా చాలా బృందాలు సలహాదారును పిలిచేది అన్నీ అయిపోయాక, రెండు మూడు శాస్త్రీయ పదాలు అడిగి డైలాగుల్లో చేర్చుకోవడానికే. ఈ బృందం కాస్త ముందే పిలిచింది. స్క్రిప్ట్ దాదాపు కుదిరి, ముఖ్యమైన యాక్షన్ ఘట్టాలకు ప్రీవిజ్, అంటే షూటింగ్‌కు ముందు కంప్యూటర్ బొమ్మలతో చేసుకునే ముతక రూపం, సిద్ధమైన దశ అది. మార్చడానికి ఇంకా వీలున్న సమయం కాబట్టే ఈ కేసు రాయదగినదయింది.

కథానాయకుడు 70 కిలోల బరువున్న, చూడటానికి మామూలుగా కనిపించే యువకుడు. ఎగరలేడు, మాయమవలేడు. అతనికున్నవి రెండే: అపారమైన కండబలం, ఎంత బలం పడినా విరగని శరీరం.

వచ్చిన సమస్య

బ్రేకులు పోయిన బస్సొకటి ప్రయాణికులతో వాలు రోడ్డు దిగి, చదునైన వీధిలోకి దూసుకొస్తుంది. కథానాయకుడు రోడ్డు మధ్యలో నిలబడి చెయ్యి చాస్తాడు. బస్సు అతని అరచేతికి తగిలి, ముందుభాగం నలిగి, అక్కడికక్కడే ఆగిపోతుంది. కథలో అతను తొలిసారి అందరి ఎదుటా తన శక్తిని బయటపెట్టే ఘట్టం ఇదే. దీన్ని ప్రీవిజ్‌లో కొద్దిమందికి చూపించినప్పుడు, ఊపిరి బిగబట్టాల్సినచోట వాళ్లు నవ్వారు. ‘ఇది మరీ నమ్మేలా లేదు’ అన్నారు. అంతకుముందు సన్నివేశంలో అదే వ్యక్తి ఇనుప గేటును వేళ్లతో వంచినప్పుడు మాత్రం వాళ్లలో ఎవరికీ ఏ అభ్యంతరమూ కలగలేదు.

దర్శకుడు దీన్ని వివరణ లోపంగా అర్థం చేసుకున్నాడు. శక్తి ఎలా వచ్చిందో సరిగా చెప్పలేదు కాబట్టే ప్రేక్షకుడు నమ్మడం లేదని, సరైన శాస్త్రీయ కారణం ఒకటి దొరికితే సమస్య తీరుతుందని అతని అంచనా. నన్ను పిలిచింది ఆ కారణం కోసమే. నాకు మాత్రం గేటు దగ్గరే ఒక సందేహం మిగిలింది. కారణం తెలియకపోవడమే అవిశ్వాసానికి మూలమైతే, గేటు వంచినప్పుడు కూడా నవ్వాలి కదా? అయినా దర్శకుడి అంచనాను పరీక్షించి చూడటం చవకైన పని. రెండు డైలాగులు మారిస్తే సరిపోతుంది. అందుకని మొదట ఆ దారినే వెళ్లాం.

ప్రయత్నించినవి, ఫలించనివి

రచయిత తెచ్చిన మొదటి వివరణ చీమ. చీమ తన బరువుకు ఎన్నో రెట్లు మోస్తుంది, కథానాయకుడి కండరాలు కూడా ఆ స్వభావాన్ని సంతరించుకున్నాయి అని. వినడానికి బాగుంటుంది గాని, ఈ వాదన గెలీలియో 1638లో అచ్చయిన తన గ్రంథంలో చూపించిన సంగతి దగ్గరే ఆగిపోతుంది. కండరం బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి, అంటే పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. బరువు మాత్రం పొడవు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 5 మిల్లీమీటర్ల చీమను 1.75 మీటర్ల మనిషి కొలతకు, అంటే 350 రెట్లకు, పెంచామనుకుందాం. దాని బలం లక్షా ఇరవై రెండు వేల రెట్లు పెరిగితే, బరువు 4 కోట్ల రెట్లకు పైగా పెరుగుతుంది. మొదట తన బరువుకు 50 రెట్లు మోసేదనుకున్నా, ఇప్పుడు తన బరువులో ఏడో వంతు మోయగలిగితే గొప్ప. చీమ బలం చీమ చిన్నతనంలో ఉంది. పెద్దదాన్ని చేస్తే ఆ బలం ఉండదు. కీటకాల పేరు చెప్పే సూపర్ హీరో కథలన్నిటికీ ఈ చిక్కు ఉంది.

దాంతో రచయిత చీమను వదిలి, జన్యుమార్పు వల్ల కండర తంతువులు, ఎముకలు గట్టిపడ్డాయనే వివరణకు మారాడు. దాన్ని నేను పెద్దగా ఖండించలేదు, సమర్థించనూ లేదు. అసాధ్యమైన ఒక సంగతిని కథ కోసం ఒప్పుకోవాల్సిందే. దాన్ని ఏ పేరుతో పిలిచినా తేడా పడదు. ఆ డైలాగు చేర్చి ప్రీవిజ్‌ను మళ్లీ చూపించారు. సరిగ్గా అదే చోట మళ్లీ నవ్వు వచ్చింది. పైగా, ‘ఎముకలు గట్టిపడితే బస్సెందుకు ఆగుతుంది?’ అని ఒకరు అడిగారు. నా దృష్టిలో ఈ కేసు మొత్తంలో అత్యంత విలువైన ప్రశ్న అదే.

నిర్మాతల వైపు నుంచి వచ్చిన రెండో ఆలోచన శక్తిని తగ్గించడం. బస్సు వేగాన్ని గంటకు 72 కిలోమీటర్ల నుంచి 18కి దించితే నమ్మకం పెరుగుతుందని వాళ్ల ఆశ. దర్శకుడికి ఇది నచ్చలేదు. 18 కిలోమీటర్ల వేగంతో వచ్చే బస్సును చూసి ఎవరి గుండే ఝల్లుమనదు. నాకున్న అభ్యంతరం వేరు. అసలు తప్పు శక్తి పరిమాణంలో ఉందని తేలకముందే పరిమాణాన్ని తగ్గించడం, రోగమేదో తెలియకుండా మందు మోతాదు మార్చడం లాంటిది. చేసి చూస్తే, నెమ్మదిగా వచ్చిన బస్సు కూడా అరచేతి దగ్గర టక్కున ఆగడం అంతే కృతకంగా కనిపించింది.

విఎఫ్‌ఎక్స్ సూపర్‌వైజర్ సూచించిన మూడో మార్గం మిగతా రెండింటికంటే తెలివైనది. కథానాయకుడి శరీరం పైకి మామూలుగా కనిపిస్తున్నా, అసలు బరువు 4 టన్నులని చెబుదామన్నాడు. భౌతికశాస్త్రపరంగా ఇది సరైన దిక్కులో వేసిన అడుగే. ఎందుకో కింద వస్తుంది. కాని 4 టన్నుల మనిషి సోఫాలో కూర్చోలేడు, చెక్కమెట్లు ఎక్కలేడు, ఎవరి భుజం మీదా చెయ్యి వేయలేడు. కథలో అతను ఇవన్నీ చేస్తాడు. ఒక్క సన్నివేశాన్ని నిలబెట్టడానికి మిగతా కథంతా కూలిపోయేలా ఉంది కాబట్టి దాన్ని పక్కన పెట్టాం.

నిదానంగా చూస్తే కనిపించింది

ఇక్కడిదాకా అందరూ ఆలోచించినది చేతుల గురించే. నేను ఎడిటర్ పక్కన కూర్చుని ఆ ప్రీవిజ్‌ను ఒక్కో ఫ్రేమ్ చొప్పున ముందుకు నడిపించమన్నాను. అరచెయ్యి బంపరుకు తగిలిన ఫ్రేమ్‌లో బస్సు అద్దం ఇంకా పగల్లేదు. తర్వాతి ఫ్రేముల్లో రేకు లోపలికి మడుస్తుంది, హెడ్‌లైట్ చిట్లుతుంది, బస్సు వెనుకభాగం పైకి లేస్తుంది. ఆ మొత్తంలో కథానాయకుడి బూట్లు వెంట్రుకవాసి కూడా కదలవు. బూటు అంచున ఉన్న చిన్న గులకరాయి సైతం పడి ఉన్నచోటే ఉంది. ప్రేక్షకుల నవ్వు ఎక్కడ మొదలైందో గుర్తుపెట్టుకున్న ఎడిటర్, సరిగ్గా ఆ ఫ్రేముల దగ్గరే ఆపి నా వైపు చూశాడు.

లెక్క వేస్తే ఆ బూట్ల సంగతి తేలిపోతుంది. పొడి రోడ్డు మీద రబ్బరుకు ఘర్షణ గుణకం (మోపిన బరువులో ఎన్నో వంతు అడ్డుబలంగా దొరుకుతుందో చెప్పే సంఖ్య) సుమారు 0.7 అనుకుంటే, 70 కిలోల మనిషి పాదాలకు రోడ్డు ఇవ్వగలిగే అడ్డుబలం దాదాపు 480 న్యూటన్లు. అతని కండలు ఎంత బలమైనవైనా ఈ సంఖ్య మారదు. అది అతని బరువు మీద, బూటు అడుగు మీద, రోడ్డు మీద ఆధారపడుతుంది. మరోవైపు 10 టన్నుల బస్సు సెకనుకు 20 మీటర్ల (గంటకు 72 కిలోమీటర్ల) వేగంతో వస్తోంది. దాని ద్రవ్యవేగం, అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది, 2 లక్షల కిలోగ్రామ్-మీటర్/సెకను. 480 న్యూటన్లతో దాన్ని సున్నాకు తేవాలంటే దాదాపు 7 నిమిషాలు పడుతుంది. ఆలోగా బస్సు 4 కిలోమీటర్లకు పైగా అతన్ని ముందుకు నెట్టుకుపోతుంది. వేగాన్ని 18 కిలోమీటర్లకు దించినా నిమిషంన్నర దాటుతుంది. నిర్మాతల ఆలోచన ఎందుకు ఫలించలేదో ఇక్కడ తెలుస్తుంది.

గేటు వంచినప్పుడు ఎవరూ నవ్వకపోవడానికీ సమాధానం ఇదే. గేటును వంచేటప్పుడు ఒక చెయ్యి ఇటు, ఒక చెయ్యి అటు లాగుతుంది; బలాలు రెండూ అతని శరీరంలోనే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, పాదాలకు పనే ఉండదు. అక్కడ కండబలం ఉంటే చాలు. బస్సు దగ్గర మాత్రం బలం ఎక్కడికో పోవాలి, ఆ చోటు రోడ్డు మాత్రమే. ద్రవ్యవేగ నిత్యత్వం అనే మాట ఎన్నడూ వినని ప్రేక్షకుడు కూడా బురదలో ఇరుక్కున్న బండినో, నున్నటి నేల మీద బీరువానో ఒకసారైనా నెట్టి ఉంటాడు. కాళ్లు జారితే చేతుల బలం ఎందుకూ పనికిరాదని అతని ఒంటికి తెలుసు.

ఇంకో ఇబ్బంది కూడా బయటపడింది. స్క్రిప్ట్ ప్రకారం బస్సు ముందుభాగం ఒక మీటరు నలిగి ఆగుతుంది. అంటే రుణత్వరణం (వేగం తగ్గే రేటు) గురుత్వ త్వరణానికి 20 రెట్లు. లోపలున్న ప్రయాణికులకు సంబంధించినంతవరకు కథానాయకుడికీ కాంక్రీటు గోడకూ తేడా లేదు. దీనికి విఎఫ్‌ఎక్స్ సూపర్‌వైజర్ న్యాయమైన అభ్యంతరమే తెచ్చాడు. 1954 డిసెంబరులో అమెరికా వైమానిక దళ వైద్యుడు జాన్ స్టాప్ రాకెట్ బండి మీద గంటకు 1,000 కిలోమీటర్లకు పైగా వేగం అందుకుని, సెకనున్నరలోపే ఆగి, 46 రెట్ల రుణత్వరణాన్ని తట్టుకుని బతికాడు కదా అని. బతికాడు, నిజమే, కంట్లో రక్తనాళాలు చిట్లి కొంతసేపు చూపు పోయినా కోలుకున్నాడు. కాని అతన్ని బలమైన పట్టీలతో సీటుకు బిగించి కట్టారు. బస్సులో నిలబడి ఉన్న మనిషికి ఆ పట్టీలు లేవు. బస్సు ఆగినా అతను ఆగడు. సెకనుకు 20 మీటర్ల వేగంతోనే ముందున్న అద్దం మీదికి వెళ్తాడు. కాపాడటానికి వచ్చినవాడే వాళ్లను చంపుతున్నాడన్నమాట.

పనిచేసిన మార్గం

సమస్యను ఇప్పుడు వేరేగా అడగగలిగాం. కథానాయకుడి బరువు పెంచకుండా అతని పాదాల మీద పడే బరువును పెంచడం ఎలా? 4 టన్నుల సూచన సరైన దిక్కులో ఉందని అన్నది ఇందుకే. ఆ బరువు అతని శరీరంలో ఉండనక్కర్లేదు; ఎదురుగానే ఉంది, బస్సు రూపంలో.

అతను బస్సును నెట్టకూడదు, ఎత్తాలి. ముందు ఇరుసు మీద 4 టన్నుల భారం ఉందనుకుందాం. బంపరు రేకును వదిలి దాని వెనక ఉన్న ఛాసిస్ (బస్సు అడుగు చట్రం) దూలాలను రెండు చేతులతో పట్టుకుని, ముందు చక్రాలు రోడ్డు వదిలేంతవరకు, అంటే కొద్ది సెంటీమీటర్లు ఎత్తితే చాలు. ఆ భారమంతా అతని పాదాల్లోంచి రోడ్డులోకి దిగుతుంది. ఇప్పుడు రోడ్డు ఇచ్చే అడ్డుబలం 480 నుంచి దాదాపు 28,000 న్యూటన్లకు పెరుగుతుంది. బస్సు సుమారు 7 సెకన్లలో, 70 మీటర్ల దూరంలో ఆగుతుంది. లోపలివాళ్లకు అది గట్టిగా బ్రేకు వేసినట్టే ఉంటుంది. తూలుతారు, ముందు సీటును పట్టుకుంటారు, బతుకుతారు. మనం ఒప్పుకోవాల్సిన అసాధ్యం అలాగే మిగిలి ఉంది: మామూలు మనిషి నడుము వెన్నుపూసలు కొన్ని వేల న్యూటన్ల దగ్గరే నలిగిపోతాయి, ఇతనివి 40,000 న్యూటన్ల దగ్గర కూడా నలగవు. ఆ ఒక్కదాన్ని ఒప్పుకుంటే, మిగతాదంతా లెక్కకు నిలుస్తుంది.

యానిమేటర్లకు ఇందులో బాగా పనికొచ్చింది భంగిమ. చేతుల మీద పడే కిందివైపు భారం, వెనక్కి నెట్టే బలం కలిసి ఒక ఏటవాలు గీతగా మారతాయి. ఆ గీత అతని చేతుల నుంచి పాదాల గుండా పోకపోతే మనిషి బోర్లానో వెల్లకిలానో పడతాడు. ఆ వాలు ఘర్షణ గుణకాన్ని బట్టే ఉంటుంది, బస్సు బరువును బట్టి కాదు. గుణకం 0.7 అయితే అది నిలువు నుంచి 35 డిగ్రీలు. నిటారుగా నిలబడి ఒంటిచెయ్యి చాచిన పాత భంగిమ అందుకే శిలావిగ్రహంలా కనిపించింది. ఛాసిస్ ఎత్తు నడుముకంటే కిందికే ఉంటుంది కాబట్టి, కొత్త ప్రీవిజ్‌లో అతను మోకాళ్లు బాగా వంచి, బస్సు వైపు ఒరిగి, మడమలు వెనక్కి జారుతుండగా గొంతుకూర్చున్నట్టు కనిపిస్తాడు. మొదటి క్షణంలో బస్సు అతన్ని తేలిగ్గా ఎగరేసుకుపోవాలని, పట్టు దొరకడానికి కొంత సమయం పట్టాలని కూడా అడిగాను. వేగంగా వచ్చే 10 టన్నుల ముందు 70 కిలోలు ఎంత తక్కువో ఆ క్షణమే చెబుతుంది.

బస్సు గతిశక్తి 20 లక్షల జౌళ్లు. అదంతా ఎక్కడికో పోవాలి. పోయేది అతని బూట్ల అడుగుల్లోకి, రోడ్డులోకి. 6 లీటర్ల చన్నీళ్లను మరిగే దాకా వేడిచేయగల వేడి అది. రబ్బరు కరుగుతుంది, పొగ లేస్తుంది, సగం దూరం వచ్చేసరికి బూట్లుండవు. పాదాల కింద పీడనం లారీ టైరు మోపే పీడనం కంటే ఎక్కువే కాబట్టి తారు మీద గాడి పడటం సహజం. ఈ వివరాలు నేను లెక్కలో భాగంగా ఇచ్చినవి, కాని వాటితో ఎక్కువ లాభపడింది రచయిత. రోడ్డు మీద పొడవునా సాగిన రెండు నల్లటి చారలు ప్రతినాయకుడికి ఆధారంగా మారాయి. అప్పటిదాకా ప్రతినాయకుడికి కథానాయకుడి గురించి ఎలా తెలిసిందో చెప్పడానికి స్క్రిప్ట్‌లో ఒక బలహీనమైన సన్నివేశం ఉండేది, దాన్ని తీసేశారు.

కొత్త రూపాన్ని చూపించినప్పుడు నవ్వు రాలేదు. శక్తి ఎలా వచ్చిందో చెప్పే డైలాగును ఎడిటర్ అప్పటికే కత్తిరించేశాడు. దాన్ని ఎవరూ అడగలేదు.

ఈ కేసు నుంచి నా పనిలోకి వచ్చినవి

మొదటి ఫలితం అదే చిత్రంలో కనిపించింది. 80 మీటర్ల ఎత్తు నుంచి పడుతున్న వ్యక్తిని కథానాయకుడు నేల మీద నిలబడి చేతుల్లో పట్టుకునే సన్నివేశం ఒకటుంది. దీనికి నేను దర్శకుడికి ఒకే ఒక్క భిన్నం ఇచ్చాను: పడిన ఎత్తును ఆగడానికి దొరికిన దూరంతో భాగిస్తే, రుణత్వరణం గురుత్వానికి ఎన్ని రెట్లో వస్తుంది. గాలి నిరోధాన్ని వదిలేస్తే ఇది చాలినంత సరైనది. చేతులు అర మీటరు కిందికి వంగాయనుకుంటే 160 రెట్లు. పట్టుకున్నా నేలను తాకినా ఒకటే. 1973లో స్పైడర్‌మ్యాన్ కామిక్‌లో గ్వెన్ స్టేసీ పడిపోతుండగా సాలెదారం ఆమెను ఒక్కసారిగా ఆపడం, ఆమె చనిపోవడం చాలామంది పాఠకులకు గుర్తే. ఆ కథ ఆ ఒక్క ఘట్టంలో భౌతికశాస్త్రానికి కట్టుబడింది. ఇక్కడ దర్శకుడు తానే భిన్నంలోని హారాన్ని పెంచే ఉపాయం వెతికాడు. కథానాయకుడు కిటికీలోంచి దూకి, గాలిలోనే ఆ పడుతున్న వ్యక్తిని అందుకుని, రెండో చేత్తో గోడకున్న ఇనుప నిచ్చెనను పట్టుకుంటాడు. మెట్లు ఒక్కొక్కటిగా వంగి ఊడుతుండగా కొన్ని అంతస్తుల మేర జారి ఆగుతారు.

అప్పటి నుంచి ఏ స్క్రిప్ట్ వచ్చినా, శక్తి ఎక్కడ నుంచి వచ్చిందన్న పేజీని చివరికి వదిలి, ప్రతి యాక్షన్ ఘట్టంలో బలం ఎక్కడికి పోతోందో ముందు గీసుకుంటున్నాను. మెరుపువేగంతో పరిగెత్తే పాత్ర ఉన్న మరో స్క్రిప్ట్‌లో ఇది వెంటనే పనికొచ్చింది. ఆ పాత్ర సెకనుకు 300 మీటర్ల వేగంతో వీధి మలుపు తిరుగుతుంది. అదే 0.7 ఘర్షణతో ఆ వేగంలో తిరగగలిగే మలుపు వ్యాసార్థం 13 కిలోమీటర్లు. బృందం అతన్ని గోడల మీద కాలు మోపి మలుపు తిరిగేలా మార్చింది. గోడ ఇచ్చే అభిలంబ బలం (గోడ తన తలానికి లంబంగా తిరిగి నెట్టే బలం) ఘర్షణ పరిమితికి లోబడదు కాబట్టి అది సరైన పరిష్కారమే. గోడలకు మాత్రం పగుళ్లు గీయాల్సి వచ్చింది.

అయితే ప్రతి ఉల్లంఘననూ పట్టుకోవాలని నేననుకోను. ఆ రెండో స్క్రిప్ట్‌లోనే అదృశ్యమయ్యే పాత్ర కూడా ఉంది. కాంతి శరీరం గుండా ఏ మార్పూ లేకుండా పోతే, కంటిలోని రెటీనా కూడా దాన్ని పీల్చుకోదు. కాబట్టి పూర్తిగా అదృశ్యమైన మనిషి పూర్తిగా గుడ్డివాడు. నివేదికలో ఆ సంగతి రాసి, మార్చనక్కర్లేదని కూడా రాశాను. రెటీనా కాంతిని పీల్చుకోవడం ఎవరి ఒంటికీ అనుభవంలో ఉన్న విషయం కాదు. దాన్ని సరిచేయబోతే కథ మొత్తం చెదిరిపోతుంది, ప్రేక్షకుడికి దక్కేది ఏమీ ఉండదు. అతను తడిగడ్డి మీద నడిచినప్పుడు గడ్డి అణగాలని, తలుపు తోస్తే వెనక్కి ఒక అడుగు పడాలని మాత్రం పట్టుబట్టాను. ఆ రెండూ షూట్ చేశారు. రెటీనా పేరా పక్కన దర్శకుడు పెన్సిలుతో ‘రెండో భాగానికి’ అని రాసి పెట్టుకున్నాడు.